తెరుచుకోని పెళ్ళి

గోదారి మా పశువుల పాక దాకా వచ్చి, గాడిలో తవుడు తిని వెనక్కి పోయిన ఏడు. మా ఇంట్లో ఒక గది ఎక్కువైంది.

అంతకు ముందు రోజు మా బావమరిది పెళ్ళి క్యాసెట్టుని ఫైలుగా మార్పించాను. వరదలో తడిసిన క్యాసెట్టు. రీలు మీద తెల్లగా బూజు. టౌనులో స్టూడియో వీరబాబు దాన్ని తుడిచి, మార్చి, గోరంత కార్డు ముక్కలో పెట్టి ఇచ్చాడు. చొక్కా జేబులో వేసుకుని తెచ్చి గూట్లో పెట్టాను. తెల్లారి లేచేసరికి వసారాకీ వంటింటికీ మధ్య గది ఉంది. గోడలకి కొత్తగా సున్నం వేసి ఉంది. గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. తలుపు మూసి ఉంది.

తోస్తాను. రాదు. లాగుతాను. రాదు.

మా ఆవిడ మంగతాయారు మంచం మీద నుంచే అడుగుతుంది.

"తెరుచుకుందా?"

"లేదు."

"మీరు తోసే తోపుకి దూడ కూడా కదలదు. భుజం పెట్టండి."

భుజం పెడతాను. భుజానికి నొప్పి పుడుతుంది. తలుపుకి ఏమీ పుట్టదు.

వరద తీసినప్పటి నుంచి మంగతాయారు నడవడం లేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి. డాక్టరుగారు మోకాళ్ళ మీద కొట్టి చూసి, ఈ కాళ్ళతో కొండ ఎక్కచ్చు అన్నారు. సంగతి వేరు. వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళందరిదీ ఒకటే నడక. తల్లి నడుస్తుంటే చూసి కూతురు నేర్చుకుంటుంది. వరద నీళ్ళలో గిన్నెలు, కోళ్ళు, బియ్యం మూటలు అటకెక్కిస్తూ మోకాలి లోతున తిరిగినప్పుడు మంగతాయారు నడక జారి నీళ్ళలో పడిపోయింది. చూస్తుండగానే గుమ్మం దాటి వెళ్ళిపోయింది. చేత్తో అందుకోబోయింది, అందలేదు.

ఇప్పుడు అది మళ్ళీ రావాలంటే వాళ్ళమ్మ నడవడం చూడాలి. మా అత్తగారు అచ్చాయమ్మగారు పోయి చాలా కాలమైంది. గోడ మీద ఫోటో ఉంది. ఫోటోలో ఆవిడ కూర్చుని ఉన్నారు. నడిచింది ఆ క్యాసెట్టులోనే.

"ఒక్కసారి చూస్తే లేచిపోతాను" అంటుంది మంగతాయారు. "అమ్మ పళ్ళెం పట్టుకుని పందిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంది. లైటు సరిగ్గా పడలేదని ఆ వీడియో అతను మళ్ళీ నడిపించాడు కూడా."

నేను తలుపుకి చెవి ఆనిస్తాను. లోపల సన్నాయి వినిపిస్తుంది. డోలు కొట్టాక కాసేపటికి కర్ర గాలిలో లేచిన చప్పుడు వినిపిస్తుంది. ముందు రావలసింది వెనకా, వెనక రావలసింది ముందూ వస్తున్నాయి. సందులో కన్ను పెడతాను. లోపలంతా ఆకుపచ్చ. మనుషులు లేరు. పచ్చగా చెరువు నిలబెట్టినట్టు ఉంది.

వీరబాబుకి ఫోన్ చేస్తాను. అతను సంచీ తగిలించుకుని పడవలో ఏరు దాటి వస్తాడు. నలభై ఏళ్ళవాడు, ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తనవే అన్నట్టు మాట్లాడతాడు. గదిని చుట్టూ తిరిగి చూసి, గోడ మీద వేళ్ళతో కొట్టి చూస్తాడు.

"ఫైలు బాగానే ఉంది బాబాయ్. తెరుచుకోవట్లేదంతే."

"ఆ సంగతి నాకూ తెలుసు" అంటాను.

"అసలు పూర్తిగా ఎక్కిందా లేదా అని చూడాలి ముందు. ఒక్కోసారి సగం పెళ్ళే వస్తుంది."

నేను కొబ్బరికాయలు ఒలిచే పని చేసినవాణ్ణి. రాశుల దగ్గర తూచే కాటా ఇంట్లోనే ఉంది. ఇద్దరం గదిని కాటాకి తగిలిస్తాం. వంటవాళ్ళ గుండిగలు, అరటి గెలలు, భజంత్రీలు, చుట్టాలు, చుట్టాల పిల్లలు, అన్నీ కలిపి ఒక పెళ్ళి ఎంత బరువుంటుందో అంతే ఉంది. పైన కాస్త మొగ్గు కూడా ఉంది.

"అందరూ ఎక్కారు" అంటాడు వీరబాబు. "అయితే పేరు చివర తేడా పడి ఉంటుంది."

తలుపు పైన సుద్దతో పెళ్ళి అని రాసి ఉంది. పక్కన ఒక చుక్క. చుక్క తరువాత ఇంగ్లీషు అక్షరాలు. నేను చదువుకున్నది మూడో తరగతి దాకా, ఇంగ్లీషు ఆ పైన. వీరబాబు చుక్క తరువాతివి చేత్తో తుడిచేసి వేరేవి రాస్తాడు. తలుపు ధాన్యం కొట్టు తలుపు అయిపోతుంది. తోస్తాం. రాదు. మళ్ళీ తుడిచి ఇంకేవో రాస్తాడు. తలుపు గేదె డొక్కలా అయిపోతుంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, ఊపిరి తీస్తోంది. రాదు.

"గేదెని నెట్టకండి, ఈనుతుందేమో" అంటుంది మంగతాయారు.

వీరబాబు గబగబా మొదటి అక్షరాలు తిరిగి రాసేస్తాడు. మళ్ళీ మామూలు తలుపు.

"తప్పు గదిది కాకపోవచ్చు బాబాయ్. మీ ఇంటిది కావచ్చు. ఇక్కడ తెరుచుకోనివి ఇంకో ఇంట్లో తెరుచుకుంటాయి."

పక్కింటి సత్యవేణి అప్పటికే గోడ మీద గడ్డం ఆనించి చూస్తోంది.

"మా ఇంటికి తెచ్చుకోండి మావయ్యగారూ. మాది కొత్త ఇల్లు, ఏదైనా తెరుస్తుంది. మొన్న మా ఆయన బీరువా తాళం పారేసుకుంటే మా ఇల్లే తెరిచిపెట్టింది. అడక్కుండా ఆయన ట్రంకుపెట్టె కూడా తెరిచేసింది. అప్పటి నుంచీ మాటల్లేవు మా ఇద్దరికీ."

బరువైన గదిని మొయ్యక్కర్లేదు. ఎండలో దాని నీడ నేల మీద పడుతుంది. నీడ చివర పట్టుకుని లాగితే గది వెనకాలే వస్తుంది. సత్యవేణి వాకిట్లోకి లాక్కెళ్ళి పెడతాం. ఆ ఇల్లు కాసేపు చూస్తుంది. కిటికీలు ఓరగా చేసుకుంటుంది. తరువాత మెల్లిగా అరుగు లోపలికి లాక్కుంటుంది.

సత్యవేణి గోడకి చెవి పెట్టి విని తల ఊపుతుంది.

"వీళ్ళెవరో నేనెరగను అంటోందండి. బొత్తిగా మొహమాటం లేదు దీనికి. ఏమనుకోకండి."

"ఏమీ అనుకోం" అంటాను. గదిని మళ్ళీ మా ఇంటికి లాక్కొస్తాం. వచ్చేటప్పుడు ఎండ నెత్తి మీదకి వచ్చింది. నీడ పొట్టిదైంది. వంగి లాగాల్సి వస్తుంది.

మంగతాయారు మజ్జిగ కలిపి మంచం పక్కన పెట్టి ఉంచింది. వీరబాబు తాగి, మూతి తుడుచుకుని, సంచీలోంచి పొట్లం తీస్తాడు. విప్పితే బెల్లం ముక్కలాంటిది ఉంది.

"దీన్ని కోడెక్ అంటారు పిన్నీ. లోపలివాళ్ళు మాట్లాడే తీరు మీ ఇంటికి తెలియట్లేదు. ఇది పట్టిస్తే తెలుస్తుంది."

"చేదా?"

"ఇల్లు తినాలి, మీరు కాదు."

నీళ్ళు చిలకరించి గడపకి రుద్దుతాడు. ఇల్లు దాన్ని పీల్చుకోవడం మొదలెడుతుంది. పైన పెంకులు ఎడమ చివర నుంచి ఒక్కొక్కటే ఎర్రబడతాయి. సగం దాకా చకచకా వెళ్ళి ఆగిపోతాయి. మేం మెడలు ఎత్తి చూస్తూ నిలబడతాం. మళ్ళీ కదులుతాయి. చివరి పెంకు ఒక్కటీ ఎంతకీ ఎర్రబడదు. సత్యవేణి వెళ్ళి పొయ్యి మీద కూర కలిపి వస్తుంది. అప్పుడు ఎర్రబడుతుంది.

లోపలి చప్పుళ్ళన్నీ ఒక్కసారి సర్దుకుంటాయి. డోలు కర్ర లేస్తుంది, తరువాత దెబ్బ పడుతుంది. సన్నాయి వెనక మాటలు వినిపిస్తాయి. అన్నిటికంటే దగ్గరగా, తలుపుకి ఆనుకుని ఒక గొంతు.

"ఎంత బాదినా తియ్యను."

మంగతాయారు మంచం మీద లేచి కూర్చుంటుంది.

"అయ్యో రామా. గవర్రాజు బావగారు!"

గవర్రాజుగారు మా తోడల్లుడు. మంగతాయారు అక్క మొగుడు. ఆ ఇంటి పెద్దల్లుడు. బతికున్నన్నాళ్ళూ ఏ శుభకార్యానికి వెళ్ళినా భోజనాల వేళకి అలిగేవారు. తువ్వాలు మొహం మీద కప్పుకుని గుమ్మానికి అడ్డంగా పడుకునేవారు. ఎవరో ఒకరు బతిమాలితే లేచి అందరికంటే ఎక్కువ తినేవారు. ఆయన పోయినప్పుడు కూడా జనం కాసేపు బతిమాలి చూశారు.

"అన్నయ్యగారూ, తలుపు తియ్యండి" అంటాను.

"ఎవరూ, బుల్లియ్యా? తియ్యను."

"ఎందుకండీ?"

"ఎందుకా? ఆ క్యాసెట్టు నల్లపెట్టెలో ఎవరి చోటు వాళ్ళకుంది. నాకు గోడవార మడతమంచం ఉంది. చుట్ట పెట్టుకోడానికి గూడుంది. ఉన్నట్టుండి అందరినీ మూటగట్టి తెచ్చి ఇందులో పోశారు. చోటు మారుస్తున్నాం రండి అని పిలిచారా? బొట్టు పెట్టారా? కోళ్ళగంపకి కూడా చెప్పి ఎత్తుతారు కదయ్యా!"

వీరబాబు తల గోక్కుంటాడు.

"ఫైలు మార్చేముందు లోపలివాళ్ళని పిలవాలని నాకెవరూ చెప్పలేదు బాబాయ్. నేను చేసినవన్నీ అలాగే చేశాను. అన్నీ తెరుచుకున్నాయి."

"వాటిల్లో మా బావగారు లేరు" అంటుంది మంగతాయారు.

ఆయనన్న దాంట్లో తప్పులేదు. పెళ్ళివారిని ఒక విడిది నుంచి ఇంకో విడిదికి మార్చాలంటే ఎదురువెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. మా లంకల్లో అది లేకుండా ఎవరూ చెప్పుల్లో కాలు పెట్టరు. నేను క్యాసెట్టు సంచీలో వేసుకుని వెళ్ళిపోయాను. తోచలేదు.

దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి గుమ్మం ముందు నిలబడతాను.

"పిలుస్తున్నానండి. రండి."

"నువ్వెవరివయ్యా పిలవడానికి? నేనెంతో నువ్వూ అంతే. అల్లుడొచ్చి అల్లుణ్ణి పిలుస్తాడా? ఆ ఇంటి ఆడపిల్ల రావాలి."

నేనూ వీరబాబూ మంగతాయారుని మంచంతో సహా ఎత్తి గుమ్మం దగ్గరికి తెస్తాం. మంచం కోడు గచ్చుకి తగిలిన చప్పుడు లోపలికి వినిపిస్తుంది.

"ఏంటది? మంచమా? మరదలా, ఇది పెళ్ళి. మంచమెక్కి ఊరేగేది ఇంకోదానికి. నడిచొచ్చి పిలువు."

"నడక పోయింది బావగారూ. మా అమ్మ నడిచింది చూస్తే వచ్చేస్తుంది. తలుపు తీస్తే చూస్తాను."

"పిలిస్తే తీస్తాను."

"చూస్తే నడిచొచ్చి పిలుస్తాను."

"పిలిస్తేనే తీస్తాను."

ఇలా చాలాసేపు జరుగుతుంది. మాటలు అటు వెళ్ళడం, ఇటు రావడం కంటికి కనిపిస్తూనే ఉంది. తలుపు కింద సందులోంచి చీమల్లా వరసగా దూరి వెళ్తున్నాయి, వస్తున్నాయి. వీరబాబు సంచీ తల కింద పెట్టుకుని గచ్చు మీద పడుకుంటాడు. ఇలాంటిది వస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరని, కరెంటు తీసి మళ్ళీ వెయ్యాలని అంటాడు. కరెంటు తీసి వేస్తాను. గవర్రాజుగారు మొదటి నుంచి మొదలెడతారు.

"ఎంత బాదినా తియ్యను."

మంగతాయారు నా వైపు చూస్తుంది. ముఖం మెత్తగా ఉంది.

"ఒద్దులెండి. గదిని ఇలాగే ఉంచండి. పక్కనే మంచం వేస్తే సన్నాయి వింటూ పడుకుంటాను. మీరే రెండు పూటలా నీళ్ళు తోడి పెడుతున్నారుగా. నాకేం లోటు?"

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. మా అత్తగారితో అసలే మాట్లాడలేదు, ఆవిడ బతికుండగా. అల్లుడు అత్తగారికి ఎదురుపడకూడదు. ఆవిడ తలుపు చాటున ఉంటే, ఇవతల నుంచి ఒకటో రెండో మాటలు అనచ్చు. ఎప్పుడూ సందు కుదరలేదు, ఆ ఇంట్లో తలుపులు తక్కువ.

ఇప్పుడు తలుపు ఉంది. మూసే ఉంది. మర్యాదకి ఏ లోటూ లేదు.

పక్కకి తిరిగి నిలబడి పిలుస్తాను.

"అత్తగారూ."

సన్నాయి ఆగుతుంది.

"ఏం నాయనా?" ఆ గొంతుకి చుట్టూ పసుపు వాసన ఉంది.

"ఒకసారి నడవండి."

"ఏ చివర నుంచి?"

"ఆ చివర నుంచి ఈ చివరికండి. పళ్ళెం అక్కర్లేదు."

"నడుద్దును గానీ పెద్దల్లుడుగారు అడ్డంగా పడుకున్నారు నాయనా. ఎలా దాటను?"

"అన్నయ్యగారూ" అంటాను. "అత్తగారు నడుస్తారట."

లోపల తువ్వాలు సర్దుకున్న చప్పుడు. మడమలు గచ్చు మీద రాసుకున్న చప్పుడు.

"ముడుచుకున్నాను" అంటారు గవర్రాజుగారు, గొంతు తగ్గించి. "తలుపు మాత్రం తియ్యను."

ఆవిడ నడవడం మొదలెడతారు.

ఒక అడుగు పడుతుంది. మట్టె గచ్చుకి తగులుతుంది. రెండో అడుగు వెంటనే పడదు. ఏదో మర్చిపోయి వెనక్కి తిరుగుదామా అనుకున్నట్టు కాస్త ఆగుతుంది. అక్కర్లేదులే అనుకున్నట్టు పడుతుంది. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ ఆ ఆలోచన. మళ్ళీ అక్కర్లేదులే.

మంగతాయారు కళ్ళు మూసుకుంటుంది. దుప్పటి కింద కుడి పాదం కదులుతుంది. ఎడమ పాదం ఆలోచిస్తుంది.

"ఇదే" అంటుంది. "ఇదేనండి. చూడ్డం అంటున్నాను గానీ, నేను నేర్చుకుంది వంటింట్లో పడుకుని వినే. పొద్దున్నే అమ్మ అటూ ఇటూ తిరుగుతుంటే కళ్ళు తెరిచేదాన్ని కాదు."

మంచం పట్టె పట్టుకుని లేస్తుంది. నేను చెయ్యి ఇవ్వబోతాను. ఒద్దంటుంది. లోపల అడుగు పడినప్పుడు బయట అడుగు పడుతుంది. లోపల ఆగితే బయట ఆగుతుంది. తలుపుకి అటు ఒకరు, ఇటు ఒకరు. వీరబాబు లేచి కూర్చుని చెప్పులు తీసి పక్కన పెట్టుకుంటాడు. ఎందుకో తెలియదు, నేను అడగను.

మంగతాయారు గుమ్మం దగ్గరికి వచ్చి భరిణె నా చేతిలోంచి తీసుకుంటుంది. తలుపుకి, గవర్రాజుగారి నుదురు ఉండే ఎత్తు చూసి, వంగి బొట్టు పెడుతుంది.

"చోటు మార్చాం బావగారూ. అందరూ రండి. మీరు ముందు రండి."

"చూశావా బుల్లియ్యా, ఎంత సుఖంగా అయిపోయిందో" అంటారు గవర్రాజుగారు. గడియ తీస్తారు.

పెళ్ళి బయటికి వస్తుంది. అందరూ కాస్త పొడుగ్గా సాగి ఉన్నారు, తలలు దూలాలకి తగులుతున్నాయి. పొడుగూ వెడల్పూ తేడా వచ్చిందని, కూర్చుంటే సర్దుకుంటుందని వీరబాబు చెబుతాడు. కూర్చుంటారు. సర్దుకుంటుంది. సత్యవేణి గోడ దూకి వచ్చి ఆకులు వేస్తుంది. వాళ్ళతో వచ్చిన గుండిగల్లో పప్పు ఇంకా వేడిగా ఉంది. గవర్రాజుగారు అప్పడం విరుచుకుంటూ, ఇదే పప్పు నల్లపెట్టెలో ఉన్నప్పుడు ఉప్పు తక్కువని, ఇప్పుడు సరిపోయిందని అంటారు. మార్చడం మంచిదే అని కూడా అంటారు.

నేను స్తంభం చాటుకి వెళ్ళి నిలబడతాను. మా అత్తగారు బయటికి వచ్చి కూతురి ముందు ఆగుతారు. కింద నుంచి పైకి చూస్తారు.

"ఏంటే, నాకంటే ముసలిదానివైపోయావు?"

"నువ్వు ఆ వయసులోనే ఆగిపోయావు. నాకు పనుంది, నేను వచ్చేశాను."

"నీకు నేనే కూతురిలా ఉన్నాను."

"అయితే ఆ పళ్ళెం పక్కన పెట్టి రా. జడ వేస్తాను."

తల్లిని ముందు కూర్చోపెట్టుకుని మంగతాయారు జడ వేస్తుంది. ఇద్దరూ ఏమేమో మాట్లాడుకుంటారు. నాకు వినిపించదు. వినక్కర్లేదు. తరువాత ఇద్దరూ వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తారు. వీడియో అతను లైటు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, అమ్మా మళ్ళీ నడవండి అంటాడు. మళ్ళీ నడుస్తారు. ఎవరూ విసుక్కోరు.

పొద్దు వాలేముందు క్యాసెట్టులో ఉన్నది అయిపోతుంది. వాళ్ళు ఆకులు మడిచి, చేతులు కడుక్కుని, ఒక్కొక్కరే గదిలోకి వెళ్తారు. గవర్రాజుగారు చివర వెళ్తూ, తలుపు వెయ్యక్కర్లేదులే, గాలాడుతుంది అంటారు. వీరబాబు ఆఖరి పడవ అందుకుంటాడు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. బయటికి వస్తాను. మంగతాయారు ఏటిగట్టు మీద నడుస్తోంది. ఆమె వెనక మా దొడ్డి కొబ్బరిచెట్లు వరసగా నడుస్తున్నాయి. వేళ్ళు కుచ్చెళ్ళలా పైకెత్తి పట్టుకున్నాయి. ఒక అడుగు వేస్తాయి. ఆగి ఆలోచిస్తాయి. రెండోది వేస్తాయి. మట్టలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్తపడుతున్నాయి.

మంగతాయారు నన్ను చూసి గట్టు మీద నుంచి కేకేస్తుంది.

"వీటికి అలవాటయ్యేదాకా తిప్పి తీసుకొస్తానండీ! అన్నం వార్చి పెట్టాను!"

"ఆయ్" అంటాను.

దొడ్లోకి వెళ్తాను. చెట్లు లేచిన చోటల్లా గోతులు. అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. తిరిగొచ్చేసరికి పూడిపోతే వాటికి చోటు తెలియదు. ఎవరో ఒకరు ఉండాలి. నాకు సరిపోయే గొయ్యి చూసుకుని దిగుతాను. పాదాలకి చల్లగా తగులుతుంది. రెండు చేతులతో మట్టి లాక్కుని మోకాళ్ళ దాకా కప్పుకుని నిటారుగా నిలబడతాను. గాలి ఏటి మీద నుంచి వస్తోంది. కాసేపటికి నా చుట్టూ గుండ్రంగా నీడ పడుతుంది. ఎవరిదో మేక వచ్చి అందులో పడుకుంటుంది.